గ్యాస్‌కి మారాక పైరోమీటర్ రీడింగ్ కదలకపోతే

ఫర్నేస్ బర్నర్‌ని ఆయిల్ నుంచి గ్యాస్‌కి మార్చాక పైరోమీటర్ (వెలుగుని బట్టి దూరం నుంచే వేడి కొలిచే పరికరం) రీడింగ్ కదలట్లేదన్నారు కదా. మీ పైరోమీటర్ పాడవలేదండి, అది చూస్తున్నది మంటని కాదు, మంట వెనకున్న గోడని. ఆయిల్ మంట పసుపుగా వెలిగేది అందులోని మసి రేణువుల వల్ల, 1 మైక్రాన్ వేవ్‌లెంగ్త్ (కాంతి తరంగం పొడవు) దగ్గర పనిచేసే సెన్సర్‌కి కనపడేది ఆ మసే. గ్యాస్ శుభ్రంగా నీలంగా మండితే మసి దాదాపు ఉండదు, మంట ఆ సెన్సర్‌కి అవతలిది కనపడే గాజు పలకలా అయిపోతుంది, అందుకే గాలి ఎంత మార్చినా మీకు 1150 డిగ్రీలే అంటుకుపోయి కనిపిస్తోంది.

1. లూప్‌ని (రీడింగ్‌ని బట్టి గాలిని తనంతట తానే సర్దే కంట్రోల్‌ని) మాన్యువల్‌లో పెట్టి, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే ఎనలైజర్ చూస్తూ సేఫ్ లిమిట్లోనే గాలి కొంచెం పెంచండి. సెన్సర్ చూస్తున్నది మంట అయితే రీడింగ్ సెకన్లలో స్పందిస్తుంది, గోడ అయితే నిమిషాలు పడుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: సెన్సర్ చూపు గీతకి అవతలి చివర ఏముందో చూడటం. వేడి ఇటుక ఉంటే ఎంత క్యాలిబ్రేట్ చేసినా లాభం లేదు, టూ కలర్ (రెండు వేవ్‌లెంగ్త్‌లని పోల్చి కొలిచే) పైరోమీటర్ అయినా అంతే, గోడ వెలుగు రెండు వేవ్‌లెంగ్త్‌లలోనూ కలిసిపోతుంది. ఎదురుగా చల్లటి పోర్ట్ లేదా వాటర్ కూల్డ్ ట్యూబ్ ఉండేలా గురిపెట్టండి.

3. గురి మార్చాక రీడింగ్ ఒక్కసారిగా పడిపోతే అది గోడనే చూస్తోందన్న అనుమానం నిజమే. అప్పుడు వేడి కార్బన్ డయాక్సైడ్‌ని చూసే 4.5 మైక్రాన్ సెన్సర్ కావాలి, దానికి సఫైర్ (నీలమణి స్ఫటికం) విండో పెట్టాలి, మామూలు గాజు ఆ వేవ్‌లెంగ్త్‌ని ఆపేస్తుంది.

అది వచ్చేదాకా గాలి కంట్రోల్ ఆక్సిజన్ ట్రిమ్ (ఎనలైజర్ రీడింగ్‌ని బట్టి గాలి సర్దడం) మీదే నడపండి, ఈ పైరోమీటర్ రీడింగ్‌ని లూప్‌లోంచి తీసేయండి ప్లీజ్, గోడని నమ్మి గాలి తగ్గిస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది.