కంటికి కనబడనిదాన్ని ఎలా తూస్తారు?

ప్రశ్న: నేను తిరుపతిలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి ఏడాది చదువుతున్నాను. ఎక్స్‌-కిరణాలతో కృష్ణబిలాల ద్రవ్యరాశిని కొలిచే పీహెచ్‌డీకి పూర్తి ఆర్థిక సహాయం ఇస్తామని బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ప్రకటించింది. నాన్న చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గర పనిచేస్తారు. ఈ సంగతి చెబితే, "కంటికి కనబడనిదాన్ని ఎలా తూస్తారమ్మా? తూస్తే నీకు డబ్బెవరిస్తారు?" అని అడిగారు. సరిగ్గా చెప్పలేకపోయాను. మీరు చెప్పండి మేడమ్.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మాయీ, పరిశోధన మొదలుపెట్టే ముందు ఎవరైనా అడగవలసిన ప్రశ్నలు ఆ రెండే. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ముందు తూకం సంగతి. హమాలీ నడక చూసి, కాటా ఎక్కించకముందే బస్తా బరువును మీ నాన్నగారు అంచనా వేయగలరు కదా! మేమూ అదే చేస్తాం. హంస రాశిలో సిగ్నస్ ఎక్స్‌-1 అనే కృష్ణబిలం ఉంది. అది వెలుగును కూడా బయటికి వదలదు; దాని చుట్టూ ఉన్న వేడి పదార్థమే ఎక్స్‌-కిరణాలు వెదజల్లుతుంది. ఎక్స్‌-కిరణాలు గాలిని దాటి నేలకు చేరవు కాబట్టి 1964లో రాకెట్‌లో పరికరం పెట్టి పైకి పంపితేనే దాని జాడ తెలిసింది. ఒక పెద్ద నీలి నక్షత్రమూ ఆ బిలమూ 5.6 రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఆ నక్షత్రం నడకే బిలం బరువు చెబుతుంది. సుమారు 15 సూర్యులంత అని చాలాకాలం అనుకున్నాం. దూరాన్ని మరింత కచ్చితంగా కొలిచాక, 2021లో అది 21కి పెరిగింది.

గెలాక్సీల కేంద్రాల్లో కూర్చున్న భారీ బిలాల్లో చాలావాటికి ఇలా తోడు తిరిగే నక్షత్రం మనకు కనబడదు. అక్కడ ప్రతిధ్వని పనికొస్తుంది. నా చిన్నతనం చంద్రగిరిలో గడిచింది. కోట కొండకు ఎదురుగా నిలబడి మా పేర్లు మేమే గట్టిగా అరిచేవాళ్లం. వెనక్కి జరిగినకొద్దీ పేరు ఆలస్యంగా తిరిగి వచ్చేది. బిలం చుట్టూ పళ్లెంలా తిరిగే వేడి పదార్థం ఉంటుంది. దానికి దగ్గరలో ఇంకా వేడైన మేఘం ఒకటి ఎక్స్‌-కిరణాలు వెదజల్లుతుంది. కొన్ని నేరుగా మనవైపు వస్తాయి. కొన్ని పళ్లేనికి తగిలి, అందులోని ఇనుము ముద్ర వేసుకుని, కాస్త ఆలస్యంగా వస్తాయి. బిలం ఎంత బరువైతే ఈ ఆలస్యం అంత ఎక్కువ. సూర్యుడంత బరువున్న బిలం అర్ధవ్యాసంలో సగాన్ని దాటడానికి కాంతికి పట్టే సమయం సుమారు 5 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు). పది సూర్యులకు 50 మైక్రోసెకన్లు, కోటి సూర్యులకు 50 సెకన్లు. అసలు ఆలస్యం దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. 2009లో బ్రిటన్ ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రూ ఫేబియన్ బృందం ఒక గెలాక్సీలో సుమారు 30 సెకన్ల ఆలస్యాన్ని పట్టుకుంది. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఒక చిక్కుంది. ఆలస్యం ఎక్కువగా కనిపిస్తే బిలం బరువైనదా, మేఘం ఎత్తులో ఉందా? రెండింటికీ లెక్క ఒకేలా సరిపోతుంది. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే ఐరోపా ఎక్స్‌-కిరణ ఉపగ్రహం ఒకే గెలాక్సీని మొత్తం ఇరవై రోజులకు పైగా చూశాక, మేఘం ఎత్తు ఎలా మారుతోందో గమనించి, 2020లో ఈ రెంటినీ విడదీయగలిగారు. అక్కడి బిలం సుమారు 20 లక్షల సూర్యులంత. ఇలా విడదీసే పద్ధతి ఎన్ని బిలాలకు నిలుస్తుందన్నదే నువ్వు చేయబోయే పని అనుకుంటున్నాను. దీనికోసం నాలుగేళ్లు కష్టపడవచ్చు.

ఇక డబ్బు. ఇచ్చేది ఎక్కువగా ప్రజలే, ప్రభుత్వాల ద్వారా. మన దేశంలో యూజీసీ, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, 2023 జనవరి నుంచి అమలైన లెక్కన మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మన పరిశోధన సంస్థల్లో భౌతికశాస్త్ర పీహెచ్‌డీకి ప్రవేశ పరీక్ష అయిన జెస్ట్ కూడా రాసి ఉంచు. బ్రిటన్ ప్రకటనలో "పూర్తి సహాయం" అన్న మాటను నమ్మి ఊరుకోవద్దు. విదేశీ విద్యార్థుల ఫీజు మొత్తం కలిపారా, స్టైపెండు ఎన్ని నెలలు, వీసా, ఆరోగ్య రుసుములు ఎవరు కడతారు, మొదటి చెల్లింపు ఏ తేదీన అని ఆ ప్రొఫెసర్‌కు రాసి, జవాబు రాతలోనే తీసుకో. నా ఫెలోషిప్ ఒకసారి ఎనిమిది నెలలు ఆగింది. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి హాస్టల్ బాకీ కట్టింది. ఆ బాధ నీకు రాకూడదు.

జవాబు వచ్చేలోగా ఖాళీగా ఉండకు. మన ఇస్రో ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఆ శ్రీహరికోట ఇప్పుడు మీ తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ ఉపగ్రహం సేకరించిన పాత సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, సిగ్నస్ ఎక్స్‌-1 వెలుగు హెచ్చుతగ్గులను నువ్వే గీసి చూడు. దరఖాస్తుతో ఆ గీతను పంపితే, మార్కుల జాబితాకన్నా ముందు దాన్నే చూస్తారు.

సెప్టెంబరులో మబ్బు లేని రాత్రి, ఎనిమిది తొమ్మిది గంటల ప్రాంతంలో నాన్నగారిని మేడ మీదికి తీసుకెళ్లు. నడినెత్తికి కాస్త ఉత్తరంగా హంస రాశి ఉంటుంది. దాని మెడ నడుమ చూపించు. ఊరి దీపాలకు దూరంగా వెళ్తే బైనాక్యులర్‌లో ఆ నీలి నక్షత్రం చిన్న చుక్కలా కనబడుతుంది. బస్తా కనబడదు, హమాలీ కనబడతాడు అని చెప్పు.