ఒక్క లాక్టేట్ అంకెతో పాప భవిష్యత్తును నిర్ణయించలేము

నమస్కారమండీ. నాలుగేళ్ల పాప రక్తంలో బ్యాక్టీరియా ఉన్నట్లు కల్చర్‌లో (రక్తంలోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) తేలిందనీ, ఆసుపత్రిలో చేరిన రోజు లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) లీటరుకు 6 మిల్లీమోల్ ఉన్నందున ఇక కోలుకోదేమోనని భయంగా ఉందనీ రాశారు. ఆ ఒక్క అంకెను బట్టి అంత దూరం ఆలోచించకండి. 2024లో వెలువడిన ఫీనిక్స్ సెప్సిస్ స్కోరు (ఇన్ఫెక్షన్ వల్ల పిల్లల అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో పాయింట్లలో అంచనా వేసే పద్ధతి) శ్వాస, రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టే తీరు, స్పృహ అనే నాలుగింటినీ కలిపి లెక్కిస్తుంది. అందులో 5 నుంచి 10.9 వరకు ఉన్న లాక్టేట్‌కు వచ్చేది 1 పాయింటే. పైగా స్కోరు చెప్పేది ఎందరో పిల్లల సగటు ప్రమాదాన్నే గాని, మీ పాప ఒక్కదాని సంగతిని కాదు. నా దృష్టిలో అంతకన్నా విలువైనది మార్పు: చికిత్స మొదలైన తొలి గంటల్లో లాక్టేట్ తగ్గుతోందా, మూత్రం సరిగా వస్తోందా, రక్తపోటును నిలబెట్టే మందుల మోతాదు తగ్గించగలుగుతున్నారా అన్నవి చూడాలి. పిల్లల్లో రక్తపోటు చాలా ఆలస్యంగా పడిపోతుంది కనుక అది బాగుందని మాత్రమే నిశ్చింతగా ఉండలేము. కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియాకు ఇస్తున్న యాంటీబయాటిక్ పనిచేస్తుందో లేదో ఈరోజే వైద్యులను తప్పక అడగండి.