మేడ మీద హాప్స్ వేస్తానన్న చిన్నాకి

చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

మేడ మీద హాప్స్ తీగ పెంచి, బీరుకి చేదూ వాసనా ఇచ్చే ఆ పువ్వుతో బీరు కాస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడ భయం బీరు గురించి. నా భయం మేడ గురించి. కాస్త గర్వం కూడా కలిగిందిలే. మీ తరం వాళ్లెవరూ ఇక మట్టి ముట్టుకోరనుకున్నాను. నువ్వేమో విజయనగరంలో కూర్చుని హిమాలయాల పంట వేస్తానంటున్నావు.

ఆ తీగ నాకు తెలుసు. రోడ్డు పనుల మీద హిమాచల్ కొండల్లో, లాహౌల్‌లో ఉన్న రోజుల్లో కేలాంగ్ చుట్టుపక్కల బఠాణీ, బంగాళాదుంప చేల మధ్య చూశాను. కోతకి మనుషులు చాలకపోతే సెలవు రోజున మేమూ వెళ్లేవాళ్లం. సాయంత్రానికి చేతులకి పసుప్పచ్చ జిగురు అంటుకునేది, సబ్బుకి లొంగేది కాదు. తీగ నూగు గీసుకుని ముంజేతులు మండేవి. నువ్వు మాత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకో.

నాటడం పెద్ద విద్య కాదు. ఆడ మొక్క వేరు ముక్కే తీసుకో, మగది ఉంటే పువ్వులో గింజ పడుతుంది. అమెరికా నుంచి వచ్చే స్నేహితుడి సూట్‌కేసులో తెప్పించుకోకు. పర్మిట్ లేకుండా అలా తేకూడదు, దాంతో ఏ తెగులు దిగుతుందో తెలీదు. పెద్ద డ్రమ్ము, కింద చిల్లులు, పశువుల ఎరువు. నీళ్లు బాగా పొయ్యి, నిలవనివ్వకు. ఎండలు ముదిరితే ఎర్రనల్లి పడుతుంది, ఆకు అడుగు తిప్పి చూస్తుండు.

అసలు చిక్కు వేడి ఒక్కటే కాదు, పగటి పొడుగు కూడా. మన గోగు చేను గుర్తుందా? ఆలస్యంగా విత్తిన ఏడు నడుమెత్తు కూడా రాకుండానే పూతకొచ్చేసింది, నార లేదు. పగలు తగ్గుతుంటే పూతకి రావడం దాని గుణం. హాప్స్‌దీ అదే గుణం. జర్మనీలో హాప్స్‌కి పేరుపడ్డ హాలర్‌టావులో వేసవి పగలు 16 గంటలు. అక్కడ తీగ ముందు బాగా ఎదిగి, పగలు తగ్గాక పూస్తుంది. మన దగ్గర ఎంత వేసవైనా 13 గంటల పైచిలుకే. పిల్ల తీగ ఇప్పుడే పూయాలేమో అనుకుని గుప్పెడు పువ్వులు పూసి ఊరుకుంటుంది. అందుకని పొద్దుగూకిన దగ్గర్నుంచి రాత్రి 11 దాకా దాని మీద ఎల్‌ఈడీ దీపం వెలగనీ. తీగ పైకంటా ఎక్కాక దీపం ఆపెయ్, పూతకొస్తుంది. మేడ మీద మంచు కురుస్తుంది, వైరు అతుకులు బయట పెట్టకు. తడి చేత్తో స్విచ్ ముట్టుకోకు. నవ్వకు, చెప్పాల్సింది చెప్తున్నాను.

ఇక పందిరి. ఇది ఓపిగ్గా చదువు.

2018 అక్టోబరులో నువ్వు హాస్టల్లో ఉన్నావు. మీ నాన్న ఊళ్లో మేడ మీద పొట్ల పందిరి వేశాడు. వేస్తే వేశాడు, ఇనప తీగ ఒక కొస నీళ్ల ట్యాంకు స్టాండుకీ, ఇంకో కొస పిట్టగోడలో దిగ్గొట్టిన మేకులకీ బిగించాడు. "తాడుతో కట్టరా, అవసరమైతే కోసెయ్యొచ్చు" అన్నాను. "తాడు ఏడాదికే చీకిపోతుంది, మాటిమాటికీ ఎవడు కడతాడు" అన్నాడు. తిత్లీ తుఫాను వస్తోందని ముందే చెప్పారు. సాయంత్రం వెళ్లి పందిరి దింపెయ్యమన్నాను. దాని నిండా కాయలు, రెండ్రోజులాగితే సంతకి పోయేవి. "గాలి ఒడిశా వైపు తిరుగుతుందంట అన్నయ్యా" అన్నాడు.

11వ తేదీ తెల్లవారుజామున అది పలాస పక్కనే తీరం దాటింది. ఆకు నిండిన పందిరి తెరచాపలా లేచింది, దాంతో పాటు స్టాండు కదిలింది. ట్యాంకులో నీళ్లు సగమే ఉన్నాయి. మీ నాన్న కొడవలి పట్టుకుని మెట్లెక్కాడు. కొడవలికి ఇనప తీగ తెగుతుందా? కటింగ్ ప్లేయర్ చీకట్లో దొరకలేదు. పిట్టగోడ విరిగి పశువుల శాల రేకుల మీద పడింది. వీడింకా మెట్ల మీదే ఉన్నాడు కాబట్టి మోకాలితో పోయింది. పరీక్షలున్నాయని నీకు బండి మీంచి జారానని చెప్పాడు, నన్నూ నోరు మూసుకోమన్నాడు. ఇప్పుడు చెప్పేశాను, తిడితే తిట్టనీ. తెల్లారి చూస్తే మన తోటలో కొబ్బరి చెట్లన్నీ నేల మీదే ఉన్నాయి. ఆ గొడవలో వాడి మోకాలు ఎవరికి పట్టింది? వాచి లావెక్కాక గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. ముందే తీసుకెళ్లాల్సింది. వాడు వద్దంటే నేనూ ఊరుకున్నాను.

అందుకని చెప్తున్నాను, ఇనప తీగ మేడ మీదికి ఎక్కించకు. ట్యాంకుకీ పిట్టగోడకీ ఏదీ కట్టకు. హాప్స్ తోటల్లో ఐదారు మీటర్ల స్తంభాలుంటాయి, ఫోటోలు చూసి నువ్వూ అంత ఎత్తు పెట్టకు. నీ తలకి అందేంత చాలు, తీగని అడ్డంగా పాకించు. దింపడానికి వీలుగా తాడు కప్పీ మీదుగా వెయ్యి. కొబ్బరి పీచు తాడే వాడు. అమెరికాలో యాకిమా లోయ రైతులు కూడా పీచు తాడు మీదే పాకిస్తారు. దొండలా దీనికి నులితీగలుండవు, కాడ మీది నూగుతో పట్టుకుని ఎక్కుతుంది, నైలాన్ మీద జారిపోతుంది. కొబ్బరి తోటల ఉద్దానంలో పుట్టి నైలాన్ తాడు కొంటే ఇంటికి రానివ్వను. తాడు నేనే పంపిస్తాను, డబ్బులు పంపకు.

కార్తీకం వెళ్లాకే నాటు. హుద్‌హుద్ తుఫాను కూడా అక్టోబరులోనే వచ్చింది, 2014లో. ఆ నెలలో మేడ మీద నిలబడేది ఏదీ ఉండకూడదు. చలికాలమంతా దీపం కింద ఎదిగితే ఎండలు ముదిరేలోపు నాలుగు పువ్వులు చూస్తావు. మొదటి ఏడు ఎక్కువ ఆశించకు.

కోతకి తొందరపడకు. పువ్వు నొక్కితే తడిగా, మెత్తగా ఉంటే ఇంకా కాలేదు. కాగితంలా గలగలమని, వదలగానే మళ్లీ విచ్చుకుని, లోపల పసుప్పచ్చ పొడి ఘాటుగా వాసన వేస్తే కొయ్యి. ఎండలో పోయకు, వాసనా చేదూ రెండూ పోతాయి. నీడలో, జల్లెడల మీద, ఫ్యాన్ గాలికి పల్చగా పరుచు. మధ్య ఈనె పుటుక్కుమని విరిగితే ఎండినట్టు. పచ్చి పువ్వు బరువులో ముప్పాతికకి పైగా నీళ్లే, మిగిలేది చూసి దిగులుపడకు. గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్లో పెట్టు.

బీరు సంగతి. లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం నేరం, మొక్క పెంచడం కాదు. నీతో చదివిన కుర్రాడు బెంగళూరులో మైక్రోబ్రూవరీలో ఉన్నాడన్నావుగా, ఎండిన పువ్వు అతనికి పంపు. తయారయ్యాక ఓ గ్లాసు అక్కడికెళ్లి తాగు, మీ అమ్మకి నేను చెప్తాను.

ఇంటి ఓనరుకి ముందే చెప్పు, తర్వాత గొడవొద్దు. నీ కుక్కని ఆ పువ్వు దగ్గరికి రానివ్వకు. కుక్కలకి అది విషం, ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చి చచ్చిపోనూ వచ్చు.

మీ పెదనాన్న