31వ ఏట క్యాష్ కౌంటర్

ప్రశ్న: బీసీ సడలింపుతో 31వ ఏట బ్యాంకు క్లర్కుగా చేరాను. క్యాష్ డిపాజిట్ మిషను, పాస్‌బుక్ ప్రింటింగ్ మిషను వచ్చాక కౌంటర్లో పని బాగా తగ్గింది. నాకంటే చిన్నవాళ్లు అప్పుడే ఆఫీసర్లు. ఈ ఉద్యోగం నిలుస్తుందా అని టెన్షన్.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ భయం ఉత్తిది కాదు. 2016లో యూపీఐ వచ్చాక చిన్న మొత్తాల కోసం బ్యాంకుకొచ్చే అవసరం తగ్గింది. నోట్లు లెక్కపెట్టే పని మళ్లీ పెరగదు. మేనేజర్‌ని అడిగి లోన్ల సీటుకు మారండి. అడంగల్, 1బి లాంటి పొలం రికార్డులు చూసి పంట రుణం కాగితాలు సిద్ధం చేయడం నేర్చుకోండి. చనిపోయినవారి ఖాతాల క్లెయిములు కూడా. భర్త పోయి, నామినీ లేని పాస్‌బుక్ పట్టుకొచ్చిన ఆవిడకి ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో కూర్చోబెట్టి చెప్పాలి. నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు ఆ పని ఓపిగ్గా చేసే క్లర్కుల మీదే బ్రాంచి ఆధారపడేది.

బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్షకు నాలుగు పేపర్లే, పాసైతే ఇంక్రిమెంట్ వస్తుంది. తర్వాత దాని పై పరీక్ష సీఏఐఐబీ. రిటైర్మెంట్ 60కి కాబట్టి చేరిన వయసు గురించి బెంగ వద్దు. ఆఫీసర్ ప్రమోషన్‌కి ఎన్నేళ్ల సర్వీసు కావాలో మీ బ్యాంకు సర్క్యులర్‌లో ఈ వారమే చూసుకోండి.