ప్లేయర్ కోలుకుందా, పాటలు దక్కాయా?

సందేహం: మా నాన్నగారి పాత ఐపాడ్‌లో (ఆపిల్ పాటల ప్లేయర్, 2005లో వచ్చిన ఐదో తరంది) రాక్‌బాక్స్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేస్తుంటే మధ్యలో కేబుల్ ఊడిపోయింది. ఆపిల్ గుర్తు దగ్గరే తెర నిలిచిపోయేది. ఎలాగో చివరికి దారికి వచ్చింది. నాలాగా తిప్పలు పడేవాళ్లకు పనికొస్తుందని జరిగినదంతా తెలుగులో రాసి, ‘ప్లేయర్ విజయవంతంగా పునరుద్ధరించబడినది’ అని ముగించాను. ‘రికవర్ అయింది’ అంటే చాలు కదా అన్నాడు మిత్రుడు. ‘కోలుకుంది’ అని నాకు తోచింది గానీ, ప్రాణం లేని వస్తువు కోలుకోవడమేమిటని ఆగాను. ఏది సరైనది? ‘ఎక్కించాను’ అనడానికి మన వైపు మాట్లాడే ‘ఎక్కిస్తి’ని రాతలో వాడవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: ‘కోలుకుంది’ అని నిరభ్యంతరంగా రాయండి. ఆ మాటకు ప్రాణంతో పట్టింపు లేదు. ఎండకు వాడిన అనంతపురం వేరుశనగ ఒక మంచి వాన పడితే కోలుకుంటుంది. రూపాయి కోలుకుంటుంది, మార్కెట్ కోలుకుంటుంది. దెబ్బతిన్నది మళ్లీ సత్తువ కూడగట్టుకోవడమే కోలుకోవడం. మీ ఐపాడ్‌లో జరిగిందీ అదే. ఆ తరం ఐపాడ్‌లో మనం మార్చే ఫర్మ్‌వేర్ హార్డ్ డిస్క్ మీద ఉంటుంది. మీట నొక్కగానే అన్నిటికన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రామూ, ఐపాడ్‌ను కంప్యూటర్‌కు ఉత్త డిస్క్‌లా చూపే డిస్క్ మోడూ వేరే చిప్‌లో ఉంటాయి. కేబుల్ ఊడి ఫర్మ్‌వేర్ సగమే ఎక్కినా ఆ చిప్‌లోది చెక్కుచెదరదు. అందుకే మెనూ మీటనూ మధ్య మీటనూ కలిపి ఆపిల్ గుర్తు వచ్చేదాకా నొక్కి, వెంటనే మధ్య మీటనూ ప్లే మీటనూ కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్ వస్తుంది. కంప్యూటర్ దాన్ని మామూలు డిస్క్‌గానే గుర్తిస్తుంది. తనలో మిగిలిన బలం ఆధారంగా లేచిన వస్తువుకు ‘కోలుకుంది’ కన్నా తగిన మాట నాకు తోచడం లేదు.

దీనికి దగ్గరి మాట ‘తేరుకుంది’. బురదనీళ్లు తేటపడటాన్ని తేరుకోవడం అంటాం. కలవరం నుంచి బయటపడటానికీ అదే మాట. 2009 అక్టోబరు వరద నుంచి కర్నూలు తేరుకుంది అని రాస్తాం. పాట మధ్యలో ప్లేయర్ బిగుసుకుపోయి, మెనూ, మధ్య మీటలు నొక్కగానే మామూలైతే అది తేరుకున్నట్టు. అక్కడ చెడిందేమీ లేదు. మీ దాంట్లో ఫర్మ్‌వేరే పాడై మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది కాబట్టి అది కోలుకోవడమే.

ఇక ‘రికవర్ అయింది’. ఇంగ్లిషు మాట కాబట్టి వద్దనడం లేదు. ఈ సందర్భంలో అది చదివేవాళ్లకు నష్టం చేస్తుంది. కంప్యూటర్‌లో ఐపాడ్‌ను చూసుకునే ఆపిల్ ప్రోగ్రామ్ ఐట్యూన్స్‌లో రీస్టోర్ నొక్కితే ఐపాడ్ బాగవుతుంది, అందులోని పాటలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ‘రికవర్ అయింది’ అని చదివినవాడు పాటలు కూడా భద్రంగా ఉన్నాయనుకునే ప్రమాదం ఉంది. ఈ రెండు సంగతులకూ తెలుగులో వేర్వేరు క్రియలున్నాయి. ప్లేయర్ కోలుకుంటుంది, పాటలను మనం రాబట్టుకుంటాం. బాకీ రాబట్టుకోవడంలో ఉన్న మాటే ఇది. రాబట్టుకోగలిగితే పాటలు దక్కాయంటాం, లేకపోతే దక్కలేదంటాం. ‘ప్లేయర్ కోలుకుంది గానీ పాటలు దక్కలేదు’ అని రాస్తే ఎవరికైనా సంగతి బోధపడుతుంది. దాన్నే రికవర్‌తో రాసి చూడండి, ఎంత గజిబిజి అవుతుందో.

నాన్నగారి ఐపాడ్ అన్నారు. ఆయన ఏళ్ల తరబడి ఏరి పెట్టుకున్న పాటలు అందులో ఉండే ఉంటాయి. మీ వ్యాసం చదివేవాళ్లదీ అలాంటి ప్లేయరే కావచ్చు. అందుకని ‘డిస్క్ మోడ్‌లో ఉండగానే పాటలు రాబట్టుకోండి, ఆ తర్వాతే రీస్టోర్ నొక్కండి’ అన్న వాక్యం మీ రాతలో పైనే ఉండాలి. ఐట్యూన్స్ ఎక్కించిన పాటలు దాచిపెట్టిన ఫోల్డర్‌లో, అర్థం లేని నాలుగక్షరాల పేర్లతో కనిపిస్తాయి. పాట పేరూ పాడినవారి పేరూ మామూలుగా ఫైలు లోపలే ఉంటాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదని కూడా చెప్పండి.

‘పునరుద్ధరించు’ మంచి మాటే. కరెంటు సరఫరా, రైళ్ల రాకపోకలు, పాత గుళ్లు, వీటికి చక్కగా నప్పుతుంది. మీ వాక్యాన్ని బరువెక్కించింది ‘బడినది’. చేసింది మీరే అయినప్పుడు ‘బాగు చేసుకున్నాను’ అనడానికి సంకోచమెందుకు? ‘విజయవంతంగా’ కూడా తీసేయండి. కోలుకోవడంలోనే ఆ అర్థం ఉంది.

మీరు అడగకపోయినా ఇంకొక మాట. ఇలాంటి ప్లేయర్ ‘బ్రిక్ అయింది’ (ఇటుకలా ఎందుకూ పనికిరాకుండా పోయింది) అనీ, ‘చచ్చిపోయింది’ అనీ కొందరు రాస్తున్నారు. డిస్క్ మోడ్ వస్తున్న ప్లేయర్ గురించి అలా రాస్తే, ఇంకా ఆశ ఉన్నదాన్ని చదివేవాళ్లు చెత్తలో పడేస్తారు. ‘మొరాయించింది’ అనండి. మొరాయించే యంత్రం మళ్లీ నడవొచ్చన్న అర్థం ఆ మాటలోనే ఉంది.

‘ఎక్కిస్తి’ తప్పు కాదు, మోటూ కాదు. ‘ఎక్కించితిని’ అన్న పాత రూపమే రాయలసీమ నోట అలా కుదించుకుంది. ‘ఇన్‌స్టాల్ చేశాను’ కన్నా ‘ఎక్కించాను’ నాకు ఇష్టం. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే దుకాణాల్లో అందరి నోటా వినబడే మాట అది. పైగా దానికి జత కూడా ఉంది. ‘ఎక్కించలేదు’ అంటే నేను ఆ పని చేయలేదని, ‘ఎక్కలేదు’ అంటే చేశాను గానీ కాలేదని. మీ అనుభవాన్ని కథలా చెప్పేచోట ‘రాక్‌బాక్స్ ఎక్కిస్తి, సగంలో కేబుల్ ఊడె, ఎక్కలేదు’ అని ధైర్యంగా రాయండి. ఏ మీట ఎప్పుడు నొక్కాలో చెప్పేచోట మాత్రం ‘ఎక్కించండి’, ‘ఎక్కించాను’ వాడండి. ఆ రూపం అలవాటు లేని పాఠకులు ‘ఎక్కిస్తి’ని ‘ఎక్కిస్తే’కు అచ్చుతప్పుగా చదువుకుంటే, అయిపోయిన పని ఇంకా చేయాల్సిన పనిగా మారిపోతుంది.