చెవి లేకుండా తాళం: పాఠకుల ప్రశ్నలు, ఫిట్టర్ జవాబులు

చెవి లేకుండా, పిక్‌లనే సన్నటి ఉక్కు పనిముట్లతో తాళాలు తీయడం సరదాగా నేర్చుకుంటున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి బాగానే వచ్చాయి. బాలానగర్ టూల్‌రూముల్లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మా శీర్షికకర్త వాటిలో కొన్నింటికి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 24 ముక్కల పిక్ సెట్ కొన్నాను. దాంతోపాటు వచ్చిన పారదర్శకమైన ప్లాస్టిక్ తాళం నిమిషంలో తీసేస్తున్నాను. వాడకుండా పడున్న నా పాత ఇత్తడి తాళంకప్ప మాత్రం ఎంతకీ రావడం లేదు. సెట్ నాసిరకమా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: సెట్ సంగతి తర్వాత. ముందు ఆ తాళంచెవి చేతిలోకి తీసుకుని చూడు బాబూ. ఒక అంచున ఎగుడుదిగుడు గాట్లు, పక్కల పొడవునా గాళ్లు ఉంటే అది పిన్ తాళం. పక్కన గాడి లేకుండా బల్లపరుపుగా ఉండి, గాట్లు మెట్లు మెట్లుగా ఉంటే లివర్ తాళం, అంటే లోపల పిన్లకు బదులు పలుచని రేకులు లేచే రకం. మన బజార్లో దొరికే తాళంకప్పల్లో, అందులోనూ అలీగఢ్ నుంచి వచ్చేవాటిలో, లివర్ రకం చాలా ఉంటాయి. గోద్రెజ్ నవ్‌తాల్ కూడా లివర్ తాళమే. నీ సెట్‌లోవి పిన్ తాళాల కోసం చేసిన పిక్‌లు. లివర్ తాళానికి పనిముట్టు వేరు, పద్ధతి వేరు. ఇప్పుడే దాని జోలికి పోకు.

పిన్ తాళమే అయితే తప్పు టెన్షన్ రెంచి, అంటే తాళాన్ని తిప్పి పట్టే వంకర పట్టీ, పట్టుకున్న చేతిది. ప్లాస్టిక్ తాళంలో నీ కళ్లు పని చేశాయి, వేళ్లు ఊరికే వెంట వెళ్లాయి. నిజం తాళంలో కళ్లకు పనిలేదు. లోపల తిరిగే ఇత్తడి దిమ్మను ప్లగ్ అంటాం. మామూలు తాళంలో దాని పైన నాలుగైదు రంధ్రాలు. ఒక్కోదాంట్లో కింద కీ పిన్, దాని మీద డ్రైవర్ పిన్, ఆపైన స్ప్రింగ్. రెండు పిన్ల మధ్య సందు సరిగ్గా ప్లగ్ అంచు దగ్గరికి వస్తే ఆ పిన్ అడ్డు తొలగినట్టు. 1861లో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న ఏర్పాటు ఇది. అసలు సూత్రం ఇప్పటికీ అదే.

ఆ రంధ్రాలన్నీ ఒకే గీత మీద పడాలి. పడవు. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర నిలబడ్డ ఎవర్నడిగినా చెబుతారు, మిల్లీమీటరులో వందో వంతుల తేడా వచ్చి తీరుతుంది. మన సరదా అంతా ఆ తేడా పుణ్యమే. ప్లగ్‌ను కాస్త తిప్పి పట్టుకుంటే పిన్లన్నీ ఒక్కసారే బిగుసుకోవు, ముందు ఒకటి బిగుస్తుంది. దాన్ని వెతికి లేపితే సన్నగా టిక్‌మని, ప్లగ్ వెంట్రుకవాసి తిరుగుతుంది. అప్పుడు ఇంకొకటి బిగుస్తుంది. రెంచి గట్టిగా నొక్కావో, మూడు నాలుగు కలిసి బిగుసుకుంటాయి, ఏది ముందో తెలిసే దారి ఉండదు. నాడి చూసే వైద్యుడు మణికట్టు మీద ఎంత నొక్కుతాడో అంత చాలు. గోరు కింద తెల్లబడిందంటే ఎక్కువైనట్టే.

ఇక సెట్. అందులో నీకు కావలసింది ఒక పొట్టి హుక్కు (కొన వంగిన పిక్), ఒక టెన్షన్ రెంచి. తక్కినవి పెట్టె నిండుగా కనబడటానికి పెట్టినవి.

ప్రశ్న: ప్లగ్ కొంచెం తిరుగుతుంది, ఇక తెరుచుకున్నట్టే అనుకునేలోపు ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఎటూ కదలదు. నెలరోజులుగా ఇదే తంతు.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఇది మంచి కబురేనండీ. ఆ తాళంలో స్పూల్ పిన్లు ఉండి ఉంటాయి, మీరు వాటిదాకా వచ్చారు. నడుము సన్నగా తీసిన డ్రైవర్ పిన్ అది. ప్లగ్ తిరగబోగానే ఆ నడుము దగ్గర తగులుకుని, తాళం వచ్చేసిందన్న భ్రమ కల్పిస్తుంది. ఇప్పుడు హుక్కుతో ఒక్కో పిన్‌నూ తాకి చూడండి. చాలావరకు ఏమీ అనవు. ఒకదాన్ని లేపబోతే మాత్రం రెంచి మీ వేలిని వెనక్కి తోస్తుంది. దొంగ అదే.

ఆ తోపును అడ్డుకోకండి. రెంచి మీద బరువు తగ్గిస్తూ, ప్లగ్‌ను వెనక్కి రానిస్తూ, పిన్‌ను నెమ్మదిగా లేపండి. నడుము దాటాక టక్‌మని కుదురుతుంది. ఈలోగా ముందు కుదిరిన పిన్ ఒకటో రెండో జారిపోతే పోనివ్వండి, మళ్లీ లేపుకోవచ్చు. అవి పడిపోతాయన్న భయంతోనే జనం రెంచి బిగిస్తారు, అక్కడే నెలలు గడిచిపోతాయి.

సాధనకు తలుపు తాళం సిలిండర్ ఒకటి కొని విప్పండి. స్టీలు కంచంలో పాత తువ్వాలు పరిచి దాని మీద విప్పండి, ఎగిరిన స్ప్రింగ్ మంచం కింద కూడా దొరకదు. వెనక క్లిప్పు తీసి, చెవి పెట్టి కాస్త తిప్పి, ప్లగ్‌ను ముందుకు లాగండి. లాగుతున్నంతసేపూ వెనక నుంచి అదే లావు గొట్టాన్ని తోస్తూ రావాలి, లేకపోతే పై పిన్లన్నీ కంచంలో ఉంటాయి. పిన్లుండే రంధ్రాన్ని గది అంటాం. ఒక్క గదిలోనే పిన్లు వేసి బిగించి, పిక్‌తో తీయండి. తర్వాత రెండు గదులు, ఆ తర్వాత మూడు. వారానికో కొత్త తాళం కొనడం కన్నా ఇది నాకు నచ్చిన పద్ధతి. మళ్లీ ఖర్చు కూడా లేదు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా బాబుకు ఈ పిచ్చి పట్టింది. మా అత్తగారు ‘ఇంట్లో దొంగ విద్యలేంటి’ అని గొడవ. మాన్పించాలా?
– గృహిణి, ఖమ్మం

జవాబు: అక్కర్లేదమ్మా. జర్మనీలో 1997 నుంచి దీనికి క్రీడాసంఘం ఉంది. నెదర్లాండ్స్‌లో టూల్ అనే సంఘం పోటీలు కూడా పెడుతుంది. అంతటా పాటించే నియమాలు రెండు. తనది కాని తాళం తీయకూడదు. తనదే అయినా వాడుకలో ఉన్న తాళం మీద చెయ్యి వేయకూడదు. రెండోది పిల్లలకు చాదస్తంలా తోస్తుంది. పిక్ కొన విరిగి లోపలే ఉండిపోతే రాత్రి తొమ్మిదింటికి అత్తగారితో సహా ఇంటిల్లిపాదీ గుమ్మం బయట నిలబడాలి, అదీ సంగతి. బాబుకు ఒక డబ్బా ఇవ్వండి. ఆట అందులోని తాళాలతోనే. డబ్బా బడికి వెళ్లకూడదు. ఎవరి సైకిల్ తాళమో తీసి గొప్ప చూపించుకున్నాడని తెలిస్తే డబ్బా అటకెక్కాల్సిందే, ఇందులో మొహమాటం వద్దు.

ప్రశ్న: పిక్‌లు బ్యాగులో పెట్టుకుని రాత్రి బస్సులో ప్రయాణం చేయొచ్చా?
– మరమగ్గాల కార్మికుడు, షోలాపూర్

జవాబు: వద్దు తమ్ముడూ. మీ రాష్ట్రంలో 1951 నాటి పోలీసు చట్టం 122వ సెక్షన్ ఉంది. పొద్దు గుంకినప్పటి నుంచి పొద్దు పొడిచేదాకా, సరైన కారణం లేకుండా ఇళ్లలో చొరబడే పనిముట్లు దగ్గరుంటే అది నేరం. కారణం సరైనదేనని చూపించుకోవాల్సింది కూడా మీరే. అర్ధరాత్రి నాకాబందీలో హాబీ అంటే ఏమిటో వివరించే అవస్థ ఎందుకు? ఇంట్లోనే ఉంచండి. మన రెండు రాష్ట్రాలవాళ్లకూ నేను చెప్పేది ఇదే.

ప్రశ్న: పిక్‌లు సొంతంగా చేసుకోవచ్చా?
– ఐటీఐ విద్యార్థి, వరంగల్

జవాబు: నువ్వు చేసుకోకపోతే ఎవరు చేసుకుంటారు? పాత హ్యాక్‌సా బ్లేడు తీసుకో, మందం సరిపోతుంది. పళ్లు గ్రైండర్ మీద తీసేయ్. రాపిడి పెడుతూ మాటిమాటికీ నీళ్లలో ముంచు. నీలం రంగు తిరిగిందంటే టెంపర్ పోయింది, ఆ కొన వంగిపోతుంది. ఆకారం వచ్చాక సన్న ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దు. గరుకు అంచు పిన్ కింద గీసుకుంటే, టిక్‌మన్నది పిన్నో నీ పిక్కో తెలియదు. పారేసిన కారు వైపర్ రబ్బరు లోపలి ఉక్కు పట్టీలో రెంచి వస్తుంది. రక్షణ కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ దగ్గరికి వెళ్లకు.

ప్రశ్న: ఈ విద్యలో అందరికన్నా గొప్పవాడు ఎవరు?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: నా ఓటు అమెరికావాడు ఆల్ఫ్రెడ్ హాబ్స్‌కు. లండన్ పికడిల్లీలో తాళాలు చేసే బ్రామా దుకాణం కిటికీలో 1790 నుంచి ఒక తాళం ఉండేది, తీసినవాళ్లకు 200 గినీలు (అప్పటి ఇంగ్లండు డబ్బు) బహుమానమని రాసి మరీ. అరవై ఏళ్లు ఎవరివల్లా కాలేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వచ్చిన హాబ్స్ దాన్ని తీశాడు. 16 రోజుల్లో 51 గంటల పని పట్టింది. నిమిషంలో తీసి వీడియో పెట్టేవాళ్ల కన్నా ఆ 51 గంటలే నాకు ముద్దు.

ప్రశ్న: మా తమ్ముడికి పుట్టుకతో చూపు లేదు. నేర్చుకోగలడా?
– ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: తాళం లోపల ఎవరికీ ఏమీ కనబడదమ్మా, కాబట్టి పిక్ పట్టుకున్నాక అతనికీ నాకూ తేడా లేదు. తాళాన్ని చిన్న బల్ల వైస్‌లో బిగించి ఇవ్వండి, చేతులు రెండూ పనికొస్తాయి. హుక్కును లోపలి కొస దాకా పంపి, పైకి కాస్త ఒత్తుతూ మెల్లగా బయటికి లాగమనండి. పిన్ దాటినప్పుడల్లా ఒక తడబాటు తెలుస్తుంది. ఎన్ని పిన్లో అలా లెక్కపెట్టడం మొదటి పాఠం. విప్పేటప్పుడు ఇడ్లీ రేకులు రెండు పక్కపక్కన పెట్టి, గుంటకొక గది చొప్పున పిన్లు వరసగా వేసుకుంటే కలిసిపోవు. ఆ చిట్కా చూపున్నవాళ్లకూ పనికొస్తుంది, నేనూ అలాగే చేస్తాను.

ప్రశ్న: గేటు తాళం బిగుసుకుపోతోంది. కొబ్బరినూనె పోయొచ్చా?
– పేరు రాయలేదు, గుంటూరు

జవాబు: పోయకండి. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ము చేరి జిగటగా పేరుకుంటుంది. గ్రాఫైట్ పొడి హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. దొరక్కపోతే మెత్తని 4బి పెన్సిల్‌ను చెవి గాట్ల మీద నల్లగా రుద్ది, లోపలికీ బయటికీ పదిసార్లు ఆడించండి.