సగంలో ఆగిన ఆటల గురించి కార్తీక్‌కి

చిరంజీవి కార్తీక్‌కి,

నువ్వు కంప్యూటర్ గేములు కొనే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో నీ లైబ్రరీ స్క్రీన్‌షాట్ చూశాను. రెండువందల పైచిలుకు గేములు, వాటిలో సగానికి సగం ఒక్కసారి కూడా తెరవనివి. "ఈ ఏడాదిలో అన్నీ పూర్తి చేసేస్తా పిన్నీ, ఎక్సెల్‌లో ఒక షెడ్యూల్ వేసిపెట్టు" అన్నావు. వేయను. ఎందుకో చెబుతా, కోప్పడకుండా చదువు.

ముందు లెక్క చూద్దాం. విచర్ 3లో అసలు కథ ఒక్కటే పూర్తి చేయడానికి దాదాపు 50 గంటలు. పర్సోనా 5 రాయల్‌కి నూరు గంటలదాకా పెట్టుకోవాలి. ఉద్యోగం చేసుకుంటూ రోజుకో గంట ఆడగలిగితే అదే గొప్ప, అంటే ఈ రెండిటికే ఐదు నెలలు పోయాయి. ఆ ఐదు నెలల్లో ఎపిక్ స్టోర్ అనే ఇంకో గేముల దుకాణం వారం వారం ఉచితంగా ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది, నువ్వు తీసుకుంటూనే ఉంటావు. మధ్యలో స్టీమ్ సేల్ ఒకటి. ఆ ఎక్సెల్ షీట్‌కి ఎన్ని రంగులు పూసినా ఈ లెక్క మారదు.

"డబ్బు పెట్టి కొన్నాను కదా" అంటావు. ఆ డబ్బు కొన్న రోజే పోయిందిరా. నచ్చని ఆటను ఇంకో ముప్పై గంటలు ఈడిస్తే అది తిరిగి రాదు, పైగా ముప్పై గంటలు కూడా పోతాయి. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు నాటకాల సీజన్ టికెట్ల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. టికెట్లు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి, ఎవరికి ఇవ్వాలన్న ఎంపిక ఏమీ లేకుండా, రాయితీ ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో, పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ అవే, పెట్టిన డబ్బే వేరు. నీ లైబ్రరీలోనూ అదే కనిపిస్తోంది. సేల్‌లో గంపగుత్తగా కొన్నవాటిని ముట్టుకోలేదు. విడుదలైన రోజే పూర్తి రేటుకు కొన్నదాన్ని మాత్రం ఇష్టం లేకపోయినా పళ్లు బిగించి ఆడుతున్నావు. రెండుచోట్లా ఏది ఆడాలో తేల్చింది బిల్లే, నువ్వు కాదు.

ఇక వదిలేయడం సంగతి. ఇక్కడే నువ్వు తడబడుతున్నావు, కాబట్టి సగంలో ఆగే ఆటలను మూడు రకాలుగా విడదీసి కాస్త వివరంగా చెబుతా.

మొదటి రకం, ఆడుతూ ఆడుతూ చిరాకేసి ఆపినవి. ఓడిపోతే వచ్చే చిరాకు వేరు, విసుగు వేరు. సెకిరో అనే కష్టమైన కత్తియుద్ధాల ఆటలో ఒక బాస్ (దాటాల్సిన పెద్ద శత్రువు) చేతిలో పదేపదే చచ్చి కంట్రోలర్ పక్కన పడేశావనుకో. మర్నాడు స్నానం చేస్తూ కూడా "ఆ దెబ్బను ఎలా కాచుకోవాలి" అని ఆలోచిస్తుంటే ఆ ఆటను వదలకు. కట్‌సీన్ (ఆట మధ్యలో కథ చెప్పే వీడియో) నడుస్తుండగా చెయ్యి ఫోన్ మీదికి పోతోందంటే మాత్రం అన్ఇన్‌స్టాల్ చెయ్యి. ఇంకో పది గంటలయ్యాక బాగుంటుందని ఎవరైనా చెప్పినా సరే, ఆ పది గంటలు వాళ్లవి కావు.

రెండో రకం, నచ్చినా కడుపు నిండిపోయిన ఆటలు. ఎటైనా తిరగగలిగే పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటలో నలభై గంటలు తిరిగాక మ్యాప్ మీద మిగిలేవి చాలావరకు అవే క్యాంపులు, అవే పెట్టెలు. వాటిని ఊడ్చేయాల్సిన పని లేదు. కథ తెలుసుకోవాలని ఉంటే సైడ్ క్వెస్టులు (అసలు కథకు సంబంధం లేని చిన్న పనులు) పక్కన పెట్టి, డిఫికల్టీ బాగా తగ్గించి, నేరుగా ఎండింగ్‌కి వెళ్లు. అంత ఓపిక కూడా లేకపోతే యూట్యూబ్‌లో ఎండింగ్ చూసెయ్యి. అది మోసమని నీ స్నేహితులు వాదిస్తారు. వాదించుకోనీ. వాళ్ల అచీవ్‌మెంట్ల పేజీ (ఆటలో ఎవరు ఏం సాధించారో చూపేది) కూడా ఒకసారి తెరిచి చూడు. చాలా ఆటల్లో మొదటి అధ్యాయం దాటినవాళ్ల శాతానికీ చివరిదాకా వెళ్లినవాళ్ల శాతానికీ ఎంత తేడా ఉంటుందో స్టీమే చూపిస్తుంది.

మూడో రకం అన్నిటికన్నా కష్టం. బాగా నచ్చింది, కానీ పరీక్షలు గానీ కొత్త ఉద్యోగం గానీ అడ్డొచ్చి ఆగిపోయింది. ఆరునెలల తర్వాత పాత సేవ్ (ఎక్కడ ఆపావో దాచిన ఫైలు) తెరిస్తే ఏ బటన్ ఏం చేస్తుందో గుర్తుండదు, ఎదురుగా సగం గెలిచిన యుద్ధం. అక్కడినుంచి మొదలుపెడితే ఆట మీదే విరక్తి పుడుతుంది. పాత సేవ్‌ను అలాగే ఉంచి, కొత్తది మొదలుపెట్టి ఒక గంట ఆడు. చేతులకు పాత అలవాటు తిరిగొస్తే అప్పుడు పాతదాంట్లోకి వెళ్లు. ఆ గంటలో మనసు లాగకపోతే ఆ ఆటతో నీ పని అయిపోయినట్టే. ఇకమీదట ఏ పెద్ద ఆటైనా ఆపేటప్పుడు ఎక్కడున్నావో, తర్వాత ఏం చేయాలనుకున్నావో ఫోన్‌లో ఒక ముక్క రాసుకో. గేమును కంప్యూటర్‌లోంచి తీసేసేముందు దానికి స్టీమ్ క్లౌడ్ (సేవ్‌లను ఇంటర్నెట్‌లో దాచే సదుపాయం) ఉందో లేదో చూడు. అన్నిటికీ ఉండదు. లేకపోతే సేవ్ ఫోల్డర్‌ను విడిగా దాచుకోవాలి.

మిగిలిన సర్దుబాటు చిన్న పనే. తెరవనివన్నీ హైడ్ చెయ్యి. అకౌంట్ నుంచి శాశ్వతంగా తీసేయొద్దు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. కళ్లముందు మూడే ఉంచుకో: ఒక పెద్దది, ఒక చిన్నది, అలసిపోయిన రోజున ఆలోచించకుండా ఆడేది ఒకటి. చిన్నదానికి పోర్టల్, జర్నీ, ఎ షార్ట్ హైక్ లాంటివి చూడు, ఒక్క సెలవురోజులో అయిపోతాయి.

కొత్తవి మానెయ్యమని చెప్పను, నువ్వు వినవు కూడా. కాకపోతే ఆ వారంలోనే మొదలుపెట్టేవి మాత్రమే కొను. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకముందు అడిగితే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. కొని దాచుకునేవాళ్లకు ఆ గడువు తెరవకముందే దాటిపోతుంది. మిగతావి విష్‌లిస్ట్‌లో పడేస్తే ధర తగ్గినప్పుడు స్టీమే కబురు పంపుతుంది.

నిజంగా తొందరపడాల్సినవి రెండే రకాలు. ఒకటి, సర్వర్ లేకపోతే నడవనివి. ది క్రూ అనే కార్ల రేసింగ్ గేము సర్వర్లు 2024 మార్చి 31న ఆపేశారు, కొన్నవాళ్లకు కూడా ఇక ఆడే వీల్లేకపోయింది. రెండోది, గేమ్ పాస్ లాంటి, నెలనెలా డబ్బు కట్టి ఆడుకునే సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్నవి, అవి ఎప్పుడైనా జాబితాలోంచి పోవచ్చు. నీ గేమ్ పాస్ ఈ నెలాఖరుకి రెన్యూ అవుతుందన్నావు. అందులో ఈ నెల వెళ్లిపోతున్నవేవో ఇవాళే చూసి, ఆడాలని ఉన్నది ఒక్కటీ లేకపోతే ఆటో-రెన్యూవల్ ఆపెయ్యి.

ఆశీస్సులతో,
పిన్ని